మాకు బోదకాలు లేదు కదా, ఆ మాత్రలెందుకు?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది: ఒడిశాలోని గంజాం జిల్లాలో మీ ఊరికి ఆశా దీదీ వచ్చి, బోదకాలు రాకుండా ఇంటిల్లిపాదీ మాత్రలు మింగమంటోంది. మీ ఇంట్లో ఎవరికీ ఆ జబ్బు లేదు. పక్కింటాయన మింగిన రాత్రే చలిజ్వరంతో మూలిగాడు. ఇంట్లో బీపీ మందులు వాడే అమ్మ, ఐదో నెల గర్భంతో ఉన్న భార్య, నాలుగేళ్ల పాప ఉన్నారు. మింగాలా, మానాలా?

నేను డాక్టర్ని కాను. బరంపురంలో నేతపనివాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణి. ఈ మాత్రల్నే మూడేళ్లు వరసగా పరుపు కింద దాచి, నాలుగో ఏడు దొరికిపోయినవాణ్ణి. ఆ అర్హతతో రాస్తున్నాను. మీ భార్యకి వద్దు, మిగతావాళ్లు వేసుకోండి. ఎందుకో చెప్తాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఒకరోజు రాత్రి పది కావస్తుంటే ఇద్దరు ఆరోగ్యశాఖ వాళ్లు టార్చిలైటు వేసుకుని మా వీధిలోకి వచ్చారు. ఇంటింటికీ తలుపు కొట్టి, వేలు పొడిచి, గాజుపలక మీద రక్తం రాసుకుంటున్నారు. "దొంగల్లా ఈ వేళప్పుడేంటయ్యా, పగలు రాకూడదా?" అని మా నాన్న విసుక్కున్నాడు. "పగలొస్తే ఇది దొరకదు బాబూ" అన్నాడు అందులో పెద్దాయన. నేను నవ్వుకుంటూ వేలు ఇచ్చాను. కొన్నాళ్లకి కబురొచ్చింది, నా రక్తంలో బోదకాలు పురుగు పిల్లలున్నాయని. ఆ పొద్దున్నే నేను క్రికెట్ ఆడి వచ్చాను. కాళ్లు రెండూ సన్నగా, సుబ్బరంగా ఉన్నాయి.

అమ్మ ఆ రోజే నా పరుపు ఎండలో వేసి దులిపింది. పన్నెండు మాత్రలు రాలాయి. ఏడాదికి నాలుగు చొప్పున లెక్క సరిపోయింది. ఆవిడ తిట్టలేదు, వాటిని ఏరి ఒక గిన్నెలో వేసి నా అన్నం కంచం పక్కన పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

బోదకాలు అంటే మనకి కాలే కనిపిస్తుంది. జబ్బు మాత్రం కాలు లావెక్కడానికి ఏళ్ల ముందే మొదలవుతుంది. ఒంట్లో రక్తనాళాలు కాక, కండల్లో మిగిలిన నీటిని వెనక్కి లాగే సన్నటి నాళాలు వేరే ఉంటాయి, లింఫ్ నాళాలంటారు. ఈ పురుగులు కాపురం పెట్టేది వాటిలో. ఆడపురుగు బెత్తెడు పొడుగుంటుంది, తెగిన పట్టుపోగులా సన్నగా, తెల్లగా. ఆరేడేళ్లు బతుకుతూ లక్షల్లో పిల్లల్ని రక్తంలోకి వదులుతుంది. ఆ పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల నాళాల్లో దాక్కుని, రాత్రి పది నుంచి రెండు మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. మురిక్కాలవల్లో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టేది కూడా రాత్రే. అదను చూసుకుని వస్తాయన్నమాట. దోమ ఆ రక్తం తాగితే, రెండు వారాల్లోపు అవి దాని ఒంట్లో ఎదిగి ఇంకొకరికి ఎక్కడానికి తయారవుతాయి. అంటే ఆ మూడేళ్లూ మా వీధి దోమలకి సరుకు నేనే సరఫరా చేశాను. ఎవరెవరికి అంటించానో దేవుడికే తెలియాలి.

ఒక్క దోమ కుడితే ఏమీ కాదు, అంత భయపడక్కర్లేదు. నెలల తరబడి, ఏళ్ల తరబడి కుట్టించుకుంటే వచ్చేది ఇది. చాలామందికి చిన్నప్పుడే ఎక్కుతుంది, నలభైల్లో బయటపడుతుంది. "మాకెవరికీ లేదు" అన్న మీ మాటకి నా జవాబు ఇదే. ఉందో లేదో రాత్రి రక్తం చూస్తేగానీ తెలీదు. ఊరందరికీ పరీక్ష చేయడం కన్నా ఊరందరికీ మాత్ర ఇవ్వడమే తేలిక అని సర్కారు లెక్క. ఏడాదికోసారి ఎందుకంటే, ఈ మాత్రలు పిల్లపురుగుల్ని ఊడ్చేస్తాయి గానీ పెద్దవాటిని ఒక పట్టాన చంపలేవు. అవి ముసలివై చచ్చేదాకా, ఏటేటా వాటి సంతానాన్ని దోమకి అందకుండా చేయాలి. ఊళ్లో మొత్తం జనంలో నూటికి కనీసం 65 మంది మింగితేనే పని జరుగుతుందట. శ్రీలంక ఇలాగే ఏళ్లపాటు మింగించి, బోదకాలు తమ దేశంలో ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేత అనిపించుకుంది. మనదేశం అక్కడికి చేరడానికి 2027 అని గడువు పెట్టుకుంది. తమాషా ఏంటంటే, 1955లో దేశమంతటికీ ఫైలేరియా (బోదకాలు) నియంత్రణ కార్యక్రమం పెట్టేముందు 1949 నుంచి 1954 దాకా ప్రయోగం చేసి చూసింది మన ఒడిశాలోనే. మొదట మొదలుపెట్టినవాళ్లం ఇంకా మాత్రలు దాచుకుంటూ కూర్చున్నాం.

ఇక మీ పక్కింటాయన జ్వరం. నాకూ వచ్చింది. పురుగు తేలినవాళ్లకి ఒక్కరోజు మోతాదు చాలదు, పురుగు పిల్లల్ని చంపే డీఈసీ మాత్రలు పన్నెండు రోజులు ఇస్తారు. మొదటి రాత్రే చలి, తలనొప్పి, ఒళ్లంతా పుండులా నొప్పి. నేను మానేస్తానంటే, వాటిని ఇచ్చినాయన చెప్పాడు: రక్తంలో వేలకొద్దీ పురుగు పిల్లలు ఒక్కసారిగా చస్తే ఒళ్లు ఊరుకోదు కదా, జ్వరం అందుకే. రెండో రోజు సగమైంది, మూడో రోజుకి లేదు. ఏమీ లేనివాడికి సాధారణంగా ఇంత గోల ఉండదు. కాబట్టి మీ పక్కింటాయనకి మందు పడలేదని కాదు, చాలామటుకు ఆయన ఒంట్లో సరుకు ఉండి ఉంటుంది. వచ్చే ఏడు కూడా మింగమని చెప్పండి. ఖాళీ కడుపున మింగినా వికారం, కళ్లు తిరగడం వస్తాయి, అది వేరే సంగతి. రెండు రోజులైనా తగ్గకపోతే, ఒళ్లంతా దద్దుర్లొస్తే, ఊపిరి బరువైతే మాత్రం ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

మా ఇంట్లో ఈ జబ్బుతో నిజంగా బతికింది మా పెద్దనాన్న. గుంటమగ్గం మీద నలభై ఏళ్లు పట్టుచీరలు నేశాడు. కాళ్లు రెండూ గుంటలోకి వేలాడేసి, అడుగున చెక్కలు తొక్కుతూ పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చునే పని. నాకు ఊహ తెలిసేటప్పటికే ఆయన ఎడమకాలు మోకాలి కింద స్తంభంలా ఉండేది. మా వీధిలో ఒడియావాళ్లు గోదర అనేవారు. ఏడాదికి ఆరేడుసార్లు జ్వరం పట్టేది. గజ్జల్లో బిళ్ళ కట్టి, కాలు ఎర్రగా కాలిపోతూ, పళ్లు టకటకలాడే చలి. ఒడియాలో దీన్నే బాతజ్వరం అంటారు.

అమావాస్యకీ పున్నమికీ ఈ జ్వరం వస్తుందని మీ ఊళ్లోనూ అంటారు కదా? మా పెద్దమ్మకి అది వేదం. "అమాస దగ్గరికొచ్చింది, మీ పెద్దనాన్నకి మళ్లీ పట్టేస్తాది" అని ముందే దుప్పట్లు తీసి పెట్టేది. జ్వరం వచ్చిన రోజు గోడకున్న తెలుగు క్యాలెండర్ మీద పెన్సిలుతో సున్నా చుట్టేది. నా పురుగు గొడవ అయ్యాక ఒకరోజు కూర్చుని ఆ సున్నాలు లెక్కపెట్టాను. ఏడాదిన్నరలో పదకొండు. అమావాస్యకో పున్నమికో మూడు రోజులు ముందూ వెనకా పడ్డవి ఐదు. మూడు రోజులు ముందూ వెనకా అని పట్టుకుంటే నెలలో పద్నాలుగు రోజులు అందులోకే వస్తాయి, సగం జ్వరాలు అందులో పడకపోతేనే ఆశ్చర్యం. తిథి వదిలేసి నెలలు చూశాను. పదకొండులో ఎనిమిది ఆషాఢం నుంచి ఆశ్వయుజం లోపే. వానల్లో.

పెద్దనాన్న కాలివేళ్లు విడదీసి చూస్తే కారణం అక్కడే ఉంది. వాచిన వేళ్లు ఒకదానికొకటి ఒరుసుకుని, సందుల్లో చర్మం తడికి తెల్లగా నానిపోయి చిట్లింది. లింఫ్ నాళాలు పాడైన కాలికి చిన్న పగులు చాలు. అందులోంచి సూక్ష్మక్రిములు దూరతాయి, వాటిని తరిమే శక్తి ఆ కాలికి ఉండదు, జ్వరం వస్తుంది. ప్రతి జ్వరానికీ కాలు ఇంకాస్త లావవుతుంది. అంతకుముందు ఆయన ఆకుపసర్లు కట్టించుకున్నాడు, ఇటుక కాల్చి కాపడం పెట్టించుకున్నాడు. ఒక నాటువైద్యుడైతే బ్లేడుతో గీసి చెడురక్తం తీశానన్నాడు. క్రిములకి తలుపులు తెరిచాడంతే.

ఆరోగ్య కేంద్రంలో ఒక టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, పూతమందు ఇచ్చారు. పెద్దనాన్న వాటిని చూసి "కాలికి మందడిగితే బకెట్టిస్తారా" అని ఆ రోజంతా మాట్లాడలేదు. పెద్దమ్మ మాత్రం వదల్లేదు. రోజూ సాయంత్రం మగ్గం దిగాక పెరట్లో పీట వేసి కూర్చోబెట్టేది. మామూలు చన్నీళ్లు, మామూలు సబ్బు. మోకాలి దగ్గర మొదలెట్టి చేత్తోనే రుద్దాలి, పీచూ బ్రష్షూ వాడకూడదు. చర్మం మడతపడ్డ చోట వేలు పెట్టి లోపలిదాకా కడిగేది. కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా పోసేది. తుడవడానికి పాత ధోవతి గుడ్డ, రుద్దకుండా అద్దడమే. వేళ్ల సందులకి అదే గుడ్డ సన్నగా మెలిపెట్టి, ఒక్కో సందులోంచి మెల్లగా లాగేది, నాడెలోంచి పోగు లాగినట్టు. తర్వాత ఎక్కడైనా చిట్లిందేమో దీపం దగ్గరపెట్టి చూసి పూతమందు రాసేది. పడుకునేటప్పుడు కాలికింద దిండు. కూర్చున్నంతసేపూ మడమ కిందకీ పైకీ ఆడించమని చెప్పారు. అది మాత్రం ఆయన ఎవరైనా చూస్తేనే చేసేవాడు.

గుంటలోకి కాలు వేలాడేయడం మానితే మంచిదన్నారు. దానికి ఒప్పించడానికి ఏడాది పట్టింది. చివరికి కాలు స్టూలు మీద పెట్టుకుని కండెలు చుట్టడం మొదలెట్టాడు. "ఆడవాళ్ల పని చేయిస్తున్నార్రా నాచేత" అని నన్ను తిట్టేవాడు.

కాలు సన్నబడలేదు. ఇలా చేస్తే సన్నబడుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆ దశ దాటిపోయిన కాలు అది. కానీ జ్వరాలు ఏడాదికి ఒకటికి వచ్చాయి, వాసన పోయింది, పెళ్లిళ్లకి మళ్లీ వెళ్లాడు. డీఈసీ మాత్ర ఆయనా మింగాడు, నేను చెప్పినందుకు కాదు. ఆ మందు కనిపెట్టిన బృందాన్ని అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారని, 1948లో ఆయన పోయేనాటికే ఇది హెట్రజాన్ పేరుతో వచ్చేసిందని ఎవరో చెప్పారట. "మనోడి మందా, ఇయ్యి" అని చెయ్యి చాచాడు.

మగవాళ్లకి ఇదే పురుగు వల్ల వరిబీజం దిగుతుంది. మీ బంధువుల్లో ఎవరైనా లుంగీ మాటున దాచుకుని తిరుగుతుంటే, మాత్రలతో పోదు, చిన్న ఆపరేషన్ ఉంది, ప్రభుత్వ ఆస్పత్రుల్లో డబ్బు తీసుకోరు.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. బీపీకీ ఈ మాత్రలకీ తగువు లేదు. బీపీ, షుగరు ఉన్నవాళ్లూ వేసుకోవచ్చు, మంచాన పడ్డ పెద్ద జబ్బువాళ్లకే ఇవ్వరు. అమ్మ వాడే మందుల చీటీ ఆశా దీదీకి చూపించండి. గర్భిణులకి ఇవ్వరు కాబట్టి మీ భార్య ఈసారి మానేయాలి, కాన్పయ్యాక వచ్చే విడతలో ఆవిడ సంగతి అడగండి. అప్పటిదాకా దోమతెర, ఇంటి పక్క మురిక్కాలవలో నీళ్లు నిలవకుండా చూసుకోవడం. పెద్దవాళ్లకి డీఈసీ మూడు, నులిపురుగులకి ఇచ్చే ఆల్బెండజోల్ ఒకటి. కొన్ని చోట్ల ఐవర్‌మెక్టిన్ అనే మూడో మందు కూడా కలిపి ఇస్తారు, అది మనిషి ఎత్తును బట్టి. రంగు గీతలున్న కర్ర పక్కన నిలబెట్టి కొలుస్తారు. మా వీధిలో అందరూ "మిలట్రీలో చేర్చుకుంటున్నారా" అని నవ్వారు. కొట్లో కొని ఇంట్లో పంచుకోవద్దు. ఆశా దీదీ ఎదురుగానే మింగేయండి, "తర్వాత వేసుకుంటాం" అని తీసుకున్నవి ఎక్కడికి పోతాయో చెప్పాను కదా.

మీ పాపకి నాలుగేళ్లు కాబట్టి డీఈసీ ఒక్కటే మాత్ర, ఆల్బెండజోల్ ఒకటి. ఐవర్‌మెక్టిన్ ఐదేళ్లలోపు పిల్లలకి ఇవ్వరు. ముందు అన్నం తినిపించండి. ఆల్బెండజోల్ నమిలి మింగాలి, చిన్నపిల్లలకి పొడిచేసి నీళ్లతో ఇవ్వచ్చు. మావాడు బుగ్గలో దాచుకుని తులసికోట వెనక్కి వెళ్లి ఉమ్మేసేవాడు, కాబట్టి మింగాక నోరు తెరిపించి చూడండి.