స్థలం ఎవరి పేరు మీద కొనాలి?

ప్రశ్న: తిరుపతి బస్టాండు దగ్గర లాడ్జీలో పని చేస్తాను. జీతంలో సగం అద్దెకే పోతోంది. మాలాంటి పన్నెండు కుటుంబాలం కలిసి రేణిగుంట వైపు స్థలం కొని ఇళ్లు కట్టుకోవాలనుకుంటున్నాం. మాలో ఒకాయన ముందు తన పేరు మీద రాయించుకుని తర్వాత పంచుతానంటున్నాడు. సరేననొచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఆ ఒక్క పని మాత్రం చేయకండి. ఆయన ఎంత మంచివాడైనా, రేపు ఆయనకేమన్నా అయితే స్థలం వారసులకు పోతుంది, మీరు రసీదులు పట్టుకుని కోర్టు చుట్టూ తిరగాలి. సంఘం పెట్టండి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద వేర్వేరు కుటుంబాల నుంచి పదిమంది ఉంటే చాలు, రిజిస్టర్ చేయించుకుని సంఘం పేరు మీదే కొనొచ్చు. మధ్యలో ఎవరైనా తప్పుకుంటే వాళ్ల డబ్బు ఎప్పుడు, ఎంత తిరిగివ్వాలో బైలాలో, అంటే సంఘం నియమావళిలో, ముందే రాసుకోండి, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఈసీ (స్థలం మీద పాత లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందో లేదో మీరే వెళ్లి కనుక్కోండి. సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉంటే రిజిస్ట్రేషనే కాదు. చౌకగా వస్తోందని మరీ దూరం పోవద్దు, రాత్రి పదకొండుకు డ్యూటీ దిగితే ఆటోకే బోలెడు ఖర్చవుతుంది.

ఇక లోను సంగతి. 2024లో మొదలైన పీఎం ఆవాస్ యోజన పట్టణ 2.0లో, ఏడాది ఆదాయం 9 లక్షల లోపుండి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని కుటుంబాలకు, గృహరుణంలో మొదటి 8 లక్షల మీద వడ్డీ రాయితీ ఉంది. బ్యాంకులో అడగండి.