టెంప్‌లో పెట్టిన స్కాన్లు ఏమవుతున్నాయి?

ప్రశ్న: మద్దిలపాలెంలో మా జిరాక్స్ షాపులో లినక్స్ కంప్యూటర్ ఉంది. స్కాన్లన్నీ /టెంప్/స్కాన్ ఫోల్డర్‌లో పడతాయి. పది రోజులు దాటాక కొన్ని ఫైళ్లు కనిపించడం లేదు, కొన్ని అలాగే ఉంటున్నాయి. ఎందుకిలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇది సిస్టమ్‌డీ-టెంప్‌ఫైల్స్ పని. తాత్కాలిక ఫోల్డర్లలోని పాత ఫైళ్లను తనంతట తానే చెరిపే లినక్స్ ప్రోగ్రామ్ అది. కంప్యూటర్ ఆన్ చేసిన 15 నిమిషాల తర్వాత ఒకసారి, ఆపైన రోజుకోసారి దాని టైమర్ నడుస్తుంది. మామూలుగా /టెంప్‌కు 10 రోజులు, /వార్/టెంప్ అనే మరో తాత్కాలిక ఫోల్డర్‌కు 30 రోజులు గడువు. కొన్ని డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) ఈ లెక్క వేరు. ఫైల్‌ను చివరిసారి చదివిన సమయం, మార్చిన సమయం, దాని పేరో పర్మిషనో మారిన సమయం, మూడూ గడువు దాటితేనే చెరుపుతుంది. మధ్యలో కస్టమర్ కోసం తెరిచిన ఫైల్ అందుకే బతికిపోయింది.

ఆపాలంటే /ఈటీసీ/టెంప్‌ఫైల్స్.డీ ఫోల్డర్‌లో స్కాన్.కాన్ఫ్ అనే ఫైల్ పెట్టి, ఒకే లైన్ రాయండి: చిన్న ఎక్స్ అక్షరం, ఖాళీ, ఫోల్డర్ పూర్తి దారి. పెద్ద ఎక్స్ రాస్తే ఫోల్డర్ మిగులుతుంది, లోపలివి పోతాయి. /యూఎస్ఆర్/లిబ్ కింద ఉన్న, ఈ గడువులు రాసిన అసలు సెట్టింగ్ ఫైల్ జోలికి వెళ్లొద్దు, అప్‌డేట్ వస్తే మీ మార్పు పోతుంది.

ఇంతా చేసినా, ఫైండ్‌మౌంట్ కమాండ్‌లో /టెంప్ పక్కన టెంప్‌ఎఫ్‌ఎస్ అని కనిపిస్తే అది ర్యామ్‌లో ఉన్నట్టే. కరెంటు పోతే అన్నీ గోవిందా. కస్టమర్ల కాగితాలకు అసలు అది చోటే కాదు. స్కానర్ సెట్టింగ్‌లో హోమ్ ఫోల్డర్ దారి ఇచ్చేయండి.