30 శాతం దగ్గర ఆగిపోయిన వాక్యం

ప్రశ్న: మా ఊళ్లో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. డిగ్రీ పిల్లల కోసం రెజ్యుమే తయారుచేసే చిన్న సాఫ్ట్‌వేర్ రాశాను. ఫారం నింపితే పీడీఎఫ్, వర్డ్ ఫైలు రెండూ వస్తాయి. ఇప్పటికి 140 మంది వాడారు. అందరూ అడిగేది ఒకటే: “అన్నా, ఈ మాట బోల్డ్ ఎలా చేయాలి?” నా ఫారంలో ఉత్త టెక్స్ట్ తప్ప ఏదీ పట్టదు. వర్డ్ లాంటి ఎడిటర్ తెచ్చి పెట్టేయమని ఒక స్నేహితుడు, మార్క్‌డౌన్ (మామూలు గుర్తులతోనే బోల్డ్ లాంటివి రాసుకునే పద్ధతి) చాలని ఇంకొకాయన. వచ్చే నెలలో క్యాంపస్ ఇంటర్వ్యూలు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: నేనూ డీటీపీ నుంచి వచ్చినవాణ్ణే. విజయవాడ గవర్నర్‌పేటలో షాపు ఉన్న రోజుల్లో మీలాగే ఒక ప్రోగ్రాం రాసుకున్నాను. పీడీఎఫ్ అందంగా రావాలని వెనకాల లాటెక్ పెట్టాను, అది రాసిన మాటల్నీ, వాటి మధ్య పెట్టిన ఆర్డర్లనీ చదివి పేజీ పేర్చే సాఫ్ట్‌వేర్. ఒక అమ్మాయి తన అనుభవం కింద ‘అమ్మకాలు 30% పెంచాను, 12 మందికి శిక్షణ ఇచ్చాను’ అని ఇంగ్లిష్‌లో రాసింది. కాగితం మీద మాత్రం ‘అమ్మకాలు 30’ దగ్గరే ఆగిపోయింది. లాటెక్‌కి % గుర్తు కనిపిస్తే ఆ లైనులో మిగిలిందంతా ప్రోగ్రామర్ తనకోసం రాసుకున్న మాట కింద లెక్క. అచ్చు వేయదు, ఎర్రర్ కూడా చూపించదు. ఆ అమ్మాయి ఇంటర్వ్యూకి వెళ్లొచ్చి చెబితే గానీ నాకు తెలియలేదు.

దీనికీ బోల్డ్‌కీ ఏం సంబంధం అంటారా? మనిషి రాసిన మాటా, మెషీన్‌కి ఇచ్చే ఆర్డరూ ఒకే డబ్బాలో కలిసిపోవడమే అక్కడ జరిగిన తప్పు. బోల్డ్ కూడా ఒక ఆర్డరే. దాన్ని మాటలతో కలిపి సేవ్ చేసి దాచారంటే నా కథే మీకూ.

ముందు మీ స్నేహితుడి సలహా చూద్దాం. పిల్లలెవరూ మీ ఫారంలో కూర్చుని టైపు చేయరు. సీనియర్ దగ్గర తెచ్చుకున్న వర్డ్ ఫైలులోంచి కాపీ కొట్టి పేస్ట్ చేస్తారు. దాంతో పాటు ఆ ఫైలులోని ఫాంటు, సైజు, రంగు, లైన్ల ఎడం అన్నీ వచ్చి కూర్చుంటాయి. వర్డ్ బుల్లెట్లు చాలాసార్లు సింబల్ ఫాంటులోని సొంత కోడుతో ఉంటాయి. ఆ ఫాంటు దాటగానే చుక్క పోయి ఖాళీ డబ్బా మిగులుతుంది. మీ టెంప్లేట్ ఒక ఫాంటు, మధ్యలో పేరా ఇంకో ఫాంటు. ఒకే విస్తట్లో ఇద్దరు వంటవాళ్ల వంట తిన్నట్టుంటుంది. ఇంకో ప్రమాదం ఉంది. మీ సర్వర్ హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) నుంచి పీడీఎఫ్ తీసే రకమైతే, పేస్టులో వచ్చిన ట్యాగులను, అంటే ఆ భాషలోని ఆర్డర్లను, అలాగే వదలడం మంచిది కాదు. తెలివైన కుర్రాడొకడు వాటితోనే సర్వర్‌లోని ఫైళ్లు తన పీడీఎఫ్‌లోకి లాగగలడు.

మార్క్‌డౌన్ మంచిదే. 2004లో జాన్ గ్రూబర్ తెచ్చాడు. నేను నా నోట్సంతా అందులోనే రాసుకుంటాను. కానీ మాటకి అటూఇటూ రెండేసి నక్షత్రాలు పెట్టమని బీకాం కుర్రాడికి ఎన్నిసార్లు చెబుతారు? అడ్రస్ రాస్తూ లైను లైనుకీ ఎంటర్ కొడితే అన్నీ కలిసి ఒకే లైనై వస్తాయి. లైను మొదట్లో ‘2019.’ అని చుక్క పెట్టి రాస్తే అది 2019 నుంచి మొదలయ్యే నంబర్ల జాబితా అనుకుంటుంది.

అందుకే మూడు బటన్లు పెట్టండి, చాలు: బోల్డ్, ఇటాలిక్, లింక్. సైజు, రంగు, ఫాంటు అడిగితే ఇవ్వకండి, అవి టెంప్లేట్ సొత్తు. కొందరు రెజ్యుమే అంతా బోల్డ్ చేసుకుంటారు, ఆ జబ్బుకి మన దగ్గర మందు లేదు. బుల్లెట్‌కి బటనే వద్దు. ఒక్కో పాయింటుకి ఒక్కో గడి ఇచ్చి, కింద ‘ఇంకొకటి చేర్చు’ అని పెట్టండి. జాసన్ రెజ్యుమే అనే ఓపెన్ సోర్స్ పద్ధతి ఉంది. అందులో ప్రతి ఉద్యోగం కింద ముఖ్యాంశాలను విడివిడి వాక్యాల జాబితాగానే దాస్తారు. చుక్క పెట్టాలా, గీత పెట్టాలా అన్నది టెంప్లేట్ చూసుకుంటుంది.

ఇక దాచడం. వాక్యాన్ని ముక్కలుగా దాచండి. ‘టాలీలో జీఎస్టీ రిటర్నులు వేశాను’ అన్నదాంట్లో ‘టాలీ’ ఒక ముక్క, దాని పక్కన ‘బోల్డ్: అవును’. ‘లో జీఎస్టీ రిటర్నులు వేశాను’ ఇంకో ముక్క, ‘బోల్డ్: కాదు’. వర్డ్ ఫైలు లోపల కూడా వాక్యం ఇలా ముక్కలుగానే ఉంటుంది, వాటిని రన్‌లు అంటారు. కాబట్టి అటు పంపడానికి మీకు పెద్ద పని ఉండదు. హెచ్‌టీఎంఎల్‌కైతే ట్యాగు చుట్టండి.

%, &, # లాంటి గుర్తులకు చేయాల్సిన శుద్ధి (ఇవి ఆర్డర్లు కావు, మామూలు అక్షరాలేనని మెషీన్‌కి చెప్పడం) మాత్రం బయటికి పంపేటప్పుడే, ఆ ఫైలు రకానికి తగ్గట్టు చేయాలి. దాచేటప్పుడు చేయకండి. నేను ఒకసారి తొందరపడి దాచేటప్పుడే చేశాను. ‘ఆర్ & బి శాఖ’ అని రాసిన కాంట్రాక్ట్ సూపర్‌వైజర్ వర్డ్ ఫైలులో ఆ గుర్తు పోయి ఏవో పిచ్చి అక్షరాలు పడ్డాయి. ఆయన మళ్లీ సేవ్ చేసిన ప్రతిసారీ ఆ చెత్త ఇంకాస్త పొడుగైంది.

పేస్ట్ చేసినప్పుడు బోల్డ్, ఇటాలిక్, లింక్ మాత్రం ఉంచి మిగతాదంతా పారేయండి. బుల్లెట్ కనిపిస్తే అక్కడ కొత్త గడి తెరవండి.

పత్రికల్లో సబ్ ఎడిటర్ ఉద్యోగాలకు తెలుగులో రెజ్యుమే కావాలని ఎవరైనా వస్తే ఇంకొంచెం పని ఉంది. కొన్ని పీడీఎఫ్ లైబ్రరీలు అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చేసి ఊరుకుంటాయి, ‘స్త్రీ’ విడిపోయి కనిపిస్తుంది. క్రోమ్‌తో పీడీఎఫ్ తీస్తే వత్తులు సరిగ్గా పడతాయి. బోల్డ్‌కి విడిగా బోల్డ్ రూపం ఉన్న నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంటు వాడండి. అది లేకపోతే బ్రౌజర్ మామూలు అక్షరాన్నే లావు చేసి గుండ్రాల్లో ఖాళీ మింగేస్తుంది. ఇటాలిక్ బటన్ తెలుగులో కనిపించకుండా చేయండి. అక్షరాన్ని పక్కకి వంచడం మన అచ్చులో అంతగా అలవాటు లేదు, వంచితే పడిపోతున్నట్టుంటుంది.

పాత 140 మందివి కదపక్కర్లేదు. ప్రతి పెట్టెలోనిదీ బోల్డ్ లేని ఒకే ముక్క అనుకోండి. వాళ్లు చేత్తో పెట్టిన నక్షత్రాలు, గీతలు అలాగే ఉండనివ్వండి. బ్యాకప్ తీశాకే మొదలుపెట్టండి.

క్యాంపస్‌కి ముందు ఒక దొంగ అభ్యర్థిని సృష్టించి, ప్రతి పెట్టెలో %, &, #, అండర్‌స్కోర్ ఉన్న వాక్యం, ఒక బోల్డ్ మాట పెట్టి రెండు ఫైళ్లూ తీయండి. తర్వాత పీడీఎఫ్‌లో ఉన్నదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేయండి. రెజ్యుమేలు చదివే కంపెనీల సాఫ్ట్‌వేర్ అందులోంచి లాక్కునేది దాదాపు ఆ అక్షరాలనే. బోల్డ్ అక్కడ ఎలాగూ కనిపించదు. వాక్యాలు వరుసగా, 30% తర్వాత మాటతో సహా ఉన్నాయో లేదో చూసి నాకు మళ్లీ రాయండి.