తాళం వేసే పార్కు కట్టొద్దు పాపా

చిరంజీవి పాపకు,

పెద్దనాయన ఆశీస్సులు. నిన్న సాయంత్రం మీ నాయన ఫోన్ చేసినాడు. మీ అత్తగారి ఊళ్లో బడి వెనక ఉన్న ఎకరా పది సెంట్ల జాగాలో పిల్లోళ్లకు పార్కు పెట్టిస్తున్నావంట. మీ పెద్దమ్మకు చెబితే చాటలో బియ్యం అట్లే వదిలేసి దేవుని గూటికి దండం పెట్టుకొని వచ్చింది. మన ఇంటి ఆడపిల్ల సర్పంచి అయ్యి ఇంత పనికి పూనుకుందంటే నాకు మాత్రం సంతోషం లేదా? అయినా రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే పెద్దనాయనా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. కూర్చొని చదువు.

ముందు సర్వేయరుతో కొలిపించి హద్దురాళ్లు పాతించు. రెవెన్యూ వాళ్ల భూమి లెక్క, అడంగల్‌లో ఆ జాగా ఏమని ఉందో చూసుకో. వంక పోరంబోకు, అంటే వాగు పారే సర్కారు జాగా అయితే ఆ ఆలోచనే మానుకో. పని పంచాయతీ ప్లాన్‌లోకి ఎక్కాల, గ్రామసభ తీర్మానం ఉండాల. సభలో నువ్వే మాట్లాడు, అల్లుడు కాదు. అతను మంచోడే. కానీ జనం ఓటేసింది నీకు.

ఇంక డబ్బుల సంగతి. కట్టేదానికి ఎట్లో తెస్తావు. కట్టినాక ఏడాదేడాదికీ అయ్యే ఖర్చు యాడినుంచి తెస్తావో అది చెప్పు నాకు. కేంద్రం వేసిన 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 దాకా పంచాయతీలకిచ్చిన గ్రాంటులో నూటికి 60 తాగునీళ్లకు, పారిశుద్ధ్యానికే కట్టేసింది. మిగిలిన 40 ఊరి అవసరాలకు వాడుకోండి, జీతాలకు మాత్రం వాడొద్దు అనింది. అంటే ఉయ్యాల కొనొచ్చు, ఉయ్యాలను చూసుకునే మనిషికి జీతమియ్యలేవు. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లంటే వినేదానికి శానా ఉంటుంది గానీ, 7 అసెంబ్లీ నియోజకవర్గాల్లోని ఊర్లన్నీ దానికే చెయ్యి చాపుతాయి. అడుగు, అడిగేదానికి మొహమాటమెందుకు? కానీ ఆ డబ్బుతో కట్టినదాన్ని బాగోగులు చూసుకునే పూచీ మాదేనని ముందే రాసియ్యాల. అట్లాంటి కాగితం నా ముందుకూ వచ్చింది ఒకప్పుడు. చదవకుండానే సంతకం పెట్టినా.

ఆ కథ నీకు సగమే తెలుసు. మిగతా సగం ఇప్పుడు చెబుతా.

2001లో నేను సర్పంచినైనా. రెండేళ్లకు ఒక పెద్దాయన కోటాలో 2 లక్షలు వచ్చినాయి. అప్పట్లో అది చిన్న డబ్బు కాదు. మన ఊరి కళ్లం తెలుసు కదా, శనక్కాయ చెట్టు కుప్పలేసి కాయలు రాల్చే చోటు. కోతలు లేనప్పుడు మగపిల్లోళ్లు ఆడ బంతాట ఆడేవాళ్లు, సాయంత్రమైతే ముసలోళ్లు కూర్చునేవాళ్లు. ఆ కళ్లానికే చుట్టూ ప్రహరీ కట్టించినా. ముందర ఆర్చి, ఆర్చి మీద నా పేరు, లోపల ఆరు సిమెంటు బెంచీలు, ఒక ఉయ్యాల, ఒక రేకు జారుడుబండ. డబ్బంతా గోడకూ ఆర్చికే పోయింది. 200 మొక్కలు నాటినాము. నీళ్లెట్లా అని అడిగినోడు లేడు, నేనూ అడగలేదు.

కాపలాకు ఒక మనిషిని పెడితే పంచాయతీ నాలుగు నెలలు జీతమియ్యగలిగింది, అంతే. ఆయప్ప మానేసినాక మేకలు జొరబడి మొక్కలు తినేసినాయి, రాత్రుళ్లు తాగేవాళ్లు చేరినారు. నేనేం చేసినానంటే, గేటుకు తాళమేసినా. తాళంచెవి మన ఇంట్లోనే, దేవుని గూటి పక్కన మేకుకు. పార్కులోకి పోవాలంటే సర్పంచి ఇంటికొచ్చి అడగాల. మూడు తరాలు అడగకుండా ఆడుకున్న జాగా అది! పిల్లోళ్లు గోడ దూకడం మొదలుపెట్టినారు. అప్పుడు మేస్త్రీని పిలిపించి గోడ నెత్తిన సిమెంటు పూయించి, సోడాబుడ్డి పెంకులు గుచ్చించినా. పచ్చిసిమెంటులో ఒక్కో పెంకూ మొన పైకి పెట్టి వేలితో అదుముతుంటే పక్కన నిలబడి "ఇంకా దగ్గర దగ్గరగా" అని చెప్పింది నేనే.

కార్తీక మాసంలో ఒక సాయంత్రం బంతి లోపల పడింది. తొమ్మిదేళ్ల పిల్లోడు, మా వీధోడే, గోడెక్కినాడు. కాలు జారితే రెండు చేతులూ ఆ పెంకుల మీదే పడినాయి. నేను పోయేటప్పటికి సున్నం గోడ మీద నెత్తురు చారికలుగా కారుతోంది. వాడు ఏడవడంలేదు, చెయ్యి వైపే చూస్తున్నాడు. నువ్వూ ఆడనే ఉన్నావు, ఆరేళ్లదానివి, చేతిలో సగం కొరికిన జామకాయ. నా పంచె చింపి కట్టి పత్తికొండకు, ఆడినుంచి కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకపోయినాము. కుట్లు మానినాయి గానీ కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. ఆ రాత్రే సుత్తి తీసుకొని తెల్లారేదాకా పెంకులన్నీ నేనే కొట్టేసినా. ఆ పిల్లోడు ఇప్పుడు ఆటో నడుపుతాడు. సంతలో కనపడితే "ఎక్కు పెద్దాయనా" అంటాడు. ఎక్కుతా. హ్యాండిల్ మీద ఆ చెయ్యి చూస్తూ ఊరికి రావాల.

అందుకే చెబుతున్నా తల్లీ, గోడ వద్దు. చుట్టూ గోరింట కంచె నాటు. దారిలో రెండు రాతిస్తంభాలు పాతు, మనిషి పట్టేంత సందు వదులు. కూర్చునేదానికి బేతంచెర్ల బండలు చాలు. జారుడుబండ ఎండలో పెట్టొద్దు. మే నెలలో రేకు పిల్లోళ్ల తొడలు కాలుస్తుంది, చెట్టు నీడ పడే చోటు చూడు. ఉయ్యాల గొలుసు కొక్కేలు నెలకొకసారి నువ్వే చేత్తో పట్టి చూడు. అరిగిన కొక్కెం కంటికి కనపడదు, వేలికి తగులుతుంది.

నీళ్లు ఖాయమయ్యేదాకా ఒక్క మొక్క కూడా తేవద్దు. ఎర్రగుడి మీకు దగ్గరే కదా. దారుల్లో బావులు తవ్వించినామని, చెట్లు నాటించినామని ఆ బండల మీద అశోకుడు చెక్కించినాడు. 1827లో మద్రాసు గవర్నరు మన్రో దొర పత్తికొండలో కలరాతో చనిపోతే, ఆయన జ్ఞాపకంగా కుంపెనీ ప్రభుత్వం ఆడ తోపు వేయించి, దాంతోపాటు మెట్లబావి కట్టించింది. చెట్టు ఉన్నచోట నీళ్లు ఉండాలని వాళ్లకు తెలిసింది, నాకే తోచలేదు. మీ బడి కొళాయి దగ్గర వృథాగా పోయే నీళ్లుంటాయి చూడు, చిన్న కాలువ తీసి మొక్కలకు మళ్లించు. ఇరవై చెట్లు బతికితే చాలు.

వాటిలో ఆరైనా చింతచెట్లు ఉండనీ. ఇప్పుడే కాయవు, నీ పిల్లోళ్లు పెద్దయ్యేటప్పటికి కాస్తాయి. పంచాయతీ చెట్ల కాయలు వేలమేస్తే ఆ డబ్బు పంచాయతీకే వస్తుంది, కాపలా మనిషి జీతానికి పనికొస్తుంది. అందాక ఇంటిపన్నులో ఇంత దీనికని గ్రామసభలో రాయించు. నెలకు ఎంతవుతుందో సభలో నోరు తెరిచి చెప్పు. జనానికి నచ్చకపోతే పార్కు చిన్నది చెయ్యి, అంతేగానీ లెక్క దాచొద్దు.

ఆడపిల్లలు ఆడుకునేదానికి వేరే టైమేమీ పెట్టొద్దు. దీపాలు మాత్రం గట్టివి పెట్టించు, చీకటి పడినా వాళ్లు కూర్చోగలిగేటట్లు.

గట్టిగా మాట్లాడినానేమో, మనసులో పెట్టుకోవద్దు. ఆర్చి మీద పేరు రాయించుకోవాలని నీకు ఉండదని తెలుసు. నాకు ఉండింది కాబట్టే ఇంత రాసినా. సర్వేయరు వచ్చే రోజు చెప్పు, గొలుసు పట్టేదానికి నేనొస్తా. ఆటోలోనే వస్తా. వాణ్ణి కూడా గ్రామసభలో కూర్చోబెట్టుకుందామని అడిగినా, సరే అన్నాడు. పెరట్లో గోరింట చెట్టు కొమ్మలు మీ పెద్దమ్మ తడిగుడ్డ చుట్టి సిద్ధం చేస్తానంటోంది. ఎన్ని కావాలో జాబు రాయి.

మీ పెద్దనాయన