ప్లేస్‌మెంట్ టెస్టు మూడో సెమిస్టర్ అంది, మొదటి నుంచి మొదలుపెట్టనా?

స్కూల్లో రెండేళ్లు ఫ్రెంచ్ చదివి, మూడేళ్లు పూర్తిగా వదిలేశారు. ఏ సెమిస్టర్‌లో చేరాలో తేల్చే కాలేజీ ఆన్‌లైన్ ప్లేస్‌మెంట్ టెస్టేమో మూడో సెమిస్టర్‌కు పంపింది. నన్నడిగితే రెండూ వద్దు, మీకు సరిపడేది చాలామటుకు రెండో సెమిస్టరే. నా మాట నమ్మక్కర్లేదు, ఓ గంట కూర్చుంటే మీకే తేలిపోతుంది.

ఆ టెస్టులో నాలుగు ఆప్షన్లుంటాయి. ఏమీ రాకపోయినా నాలుగింట ఒకటి తగులుతుంది. సరైన రూపం కళ్లెదుటే ఉంటుంది కాబట్టి గుర్తుపడితే చాలు. చదివి గుర్తుపట్టడం ఏళ్లు గడిచినా కొంత మిగులుతుంది. విని అందుకోవడం, నోటితో వాక్యం కట్టడం మాత్రం ముందే జారిపోతాయి. పది నిమిషాలు మాట్లాడిస్తే తేలే విషయాన్ని టిక్కులతో తేల్చేసే కాలేజీలంటే నాకు నిజంగా కోపం. సర్టిఫికెట్లదీ అదే సంగతి. జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్షా లేదు, వ్యాసం రాసే పరీక్షా లేదు. ఫ్రెంచ్ సర్టిఫికెట్ పరీక్ష డెల్ఫ్ అలా కాదు: నాలుగు భాగాలు, ఒక్కోదానికి 25 మార్కులు, ఏ ఒక్కదాంట్లో 5 కన్నా తగ్గినా ఫెయిలే.

ఇక మీరు చెయ్యాల్సింది. రెండో సెమిస్టర్ సిలబస్ తెప్పించుకుని, పాఠ్యపుస్తకంలో చివరి రెండు పాఠాలు తియ్యండి. డిక్షనరీ ముట్టుకోకుండా 20 నిమిషాల్లో, పోయిన వారాంతం ఏం చేశారో 120 పదాల్లో రాయండి. ఫ్రెంచ్ భూతకాల రూపాల్లో, జరిగిన పనికి పాసే కోంపోజే, అప్పటి పరిస్థితికి అంపర్ఫే వాడగలిగారా? వెళ్లడం, రావడం లాంటి క్రియలకు పాసే కోంపోజేలో సహాయక క్రియగా అవ్వార్ బదులు ఎత్ర్ పెట్టారా? స్పెల్లింగు, లింగం తప్పులను పట్టించుకోకండి, అవి మూడో సెమిస్టర్‌లోనూ అందరూ చేస్తారు. ప్రతి వాక్యంలో క్రియ దగ్గరే ఆగిపోతుంటే మాత్రం మీ చోటు రెండో సెమిస్టర్. తర్వాత ఆ చివరి పాఠాల ఆడియోను పుస్తకం మూసి రెండుసార్లు వినండి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్నవాటిలో సగమైనా చెప్పలేకపోతే సందేహం అక్కర్లేదు. జర్మన్ వాళ్లయితే విభక్తుల్లో ఆర్టికల్ మార్పులు, వైల్ (ఎందుకంటే) తర్వాత క్రియ వాక్యం చివరికి పోవడం చూసుకోవాలి.

ఎక్కువ లెవెల్‌లో చేరితే ఏమవుతుందంటే, రెండో వారంలో టీచరు గంటంతా ఫ్రెంచే మాట్లాడతారు. హోంవర్కు కూడా చివరి నిమిషంలో ఫ్రెంచ్‌లోనే చెబుతారు. "చిన్నప్పటి సెలవుల గురించి పక్కవాళ్లతో ఐదు నిమిషాలు మాట్లాడండి" అంటారు. పక్కమ్మాయి మూడు వాక్యాలు చెప్పేసరికి మీరింకా మొదటి క్రియ వెతుక్కుంటుంటారు. తల ఊపుతారు, ఆ అమ్మాయే మీ వంతు కూడా మాట్లాడేస్తుంది. వారం తిరిగేసరికి వేరే బెంచీకి మారిపోతుంది. మాట్లాడే అవకాశం తగ్గేకొద్దీ నోరు మరింత మూసుకుపోతుంది. మిడ్‌టర్మ్ మార్కులు చూసి కళ్లు తెరిచేసరికి కోర్సు మారే గడువు దాటి ఉంటుంది.

మరీ తక్కువలో చేరినా నష్టమే. మొదటి నెల అన్నీ తెలిసినవే కాబట్టి చదవడం మానేస్తారు; కొత్త పాఠాలు మొదలయ్యాక ఆ అలవాటు మళ్లీ రాదు. ఎ గ్రేడ్ కోసం కావాలని మొదటి సెమిస్టర్‌లో కూర్చునేవాళ్లు అసలైన బిగినర్లకు చేసే అన్యాయం ఇంకా పెద్దది. బొంజూర్ కూడా కొత్తైన పిల్లలు వీళ్లను చూసి, భాష తమకు అబ్బదనుకుని మానేస్తారు. ప్లేస్‌మెంట్ కన్నా కింది కోర్సుకు క్రెడిట్ ఇవ్వని కాలేజీలూ ఉన్నాయి. మీ కాలేజీలో రూలేమిటో ముందే అడగండి.

ఇంట్లో ఆ భాష మాట్లాడుతూ పెరిగి, చదవడం రాయడం రానివాళ్ల లెక్క వేరు. వాళ్ల కోసం హెరిటేజ్ సెక్షన్ ఉంటే అందులోనే చేరాలి.

రిజిస్టర్ అయ్యేటప్పుడు రెండో, మూడో సెమిస్టర్లు రెండూ మీ టైంటేబుల్‌లో పట్టేలా చూసుకోండి, సీట్లున్నాయో లేదో కూడా. మార్చుకునే గడువు సాధారణంగా మొదటి వారం, రెండు వారాలే. టీచరును అడిగి ఆ లోపే రెండు క్లాసులూ ఒకసారి కూర్చుని చూడండి. ఏదో ఒకటి ఖాయమయ్యేదాకా పుస్తకంతో వచ్చే ఆన్‌లైన్ కోడ్ గీకకండి, గీకిన కోడ్‌ను సాధారణంగా వెనక్కి తీసుకోరు.