ఆక్సిజన్ సిలిండర్ కొన్న మేనల్లుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ చిన్న విమానంలో ఆక్సిజన్ పెట్టించుకున్నావని తెలిసి సంతోషించాను. ఒక్కటి మాత్రం ముందే చెబుతున్నాను: దాన్ని ఎప్పుడు వాడాలో నీ ఒంటిని అడిగి తేల్చుకోకు. పైకెళ్ళేకొద్దీ ఆక్సిజన్ తగ్గితే ఆయాసం వస్తుందని, అప్పుడు చూసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. కానీ ముందుగా మందగించేది వివేకమే. రేడియోలో విన్న అంకె మళ్ళీ అడగాల్సి వస్తుంది, ఇంధనం లెక్క తప్పుతుంది. అయినా మనసుకు అంతా హాయిగానే ఉంటుంది.

అమెరికా నిబంధన ప్రకారం కేబిన్ ఎత్తు (అంటే విమానం లోపలి గాలి పీడనానికి సరిపోయే ఎత్తు) 12,500 అడుగులు దాటి అరగంట మించితే పైలట్ ఆక్సిజన్ తీసుకోవాలి. 14,000 దాటితే ఆ ఎత్తులో ఉన్నంతసేపూ తీసుకోవాలి. అది చట్టం గీసిన గీత మాత్రమే. నువ్వు పగలు 10,000, రాత్రి 5,000 అడుగుల నుంచే పెట్టుకో, ఎందుకంటే చీకట్లో చూపు తొందరగా దెబ్బతింటుంది. ముక్కుకు పెట్టుకునే గొట్టం 18,000 వరకే, ఆ పైన మాస్క్ తప్పదు. జలుబుతో ముక్కు దిబ్బడ వేస్తే 18,000 లోపు కూడా మాస్కే. వేలి ఆక్సీమీటర్ మంచిదే కానీ, చేతులు చల్లబడితే దాని అంకెను నమ్మకు. వెనక సీటులో నిద్రపోతున్న మనిషి గొట్టం మడతపడిందేమో మధ్యమధ్య చూస్తూ ఉండు. నిద్రా, స్పృహ తప్పడమా అన్నది ముందు సీటు నుంచి పోల్చుకోలేవు.

ఇక సర్వీసింగ్. నన్నడిగితే ఇందులో అసలు శత్రువు జిడ్డు. అధిక పీడనంలో ఉన్న ఆక్సిజన్ తగిలితే నూనె, గ్రీజు నిప్పురవ్వ లేకుండానే అంటుకోగలవు. అందుకే చేతులు సబ్బుతో కడుక్కుని, శుభ్రమైన గుడ్డతో, శుభ్రమైన పానాతో పని మొదలుపెట్టు. పెదవులకు రాసుకునే వ్యాజలీను కూడా మాస్క్ దగ్గర పనికిరాదు. మర బిగుసుకుందని గ్రీజు పూయబోయేవాడిని దగ్గరకు రానివ్వకు. వాల్వును మెల్లగా తిప్పు. ఒక్కసారిగా తెరిస్తే దూసుకొచ్చిన వాయువు, పీడనం తగ్గించే రెగ్యులేటర్ దగ్గర నొక్కుకుపోయి వేడెక్కుతుంది. అక్కడ కాస్త మురికి ఉంటే చాలు, మంట పుడుతుంది. లీకు వెతకడానికి ఆక్సిజన్‌కోసమే తయారైన, నూనె లేని ద్రావణం వాడు. గిన్నెలు తోమే సబ్బు వద్దు.

నింపేది విమానాలకు వాడే పొడి ఆక్సిజన్ అయి ఉండాలి. తేమ ఉంటే చలికి వాల్వులో గడ్డకట్టి దారి మూసేస్తుంది. నింపేటప్పుడు సిలిండర్ వేడెక్కుతుంది, చల్లారాక మీటరు ముల్లు దిగుతుంది. అప్పుడు చూసిందే అసలు లెక్క. పూర్తిగా ఖాళీ చెయ్యకు. కొంచెం పీడనం మిగిలితే బయటి తేమ గాలి లోపలికి రాదు.

సిలిండర్ మెడ దగ్గర కొట్టిన ముద్ర చూడు. అది సిలిండర్ రకాన్ని చెబుతుంది: 3ఏఏ అని ఉంటే 5 ఏళ్లకు, 3హెచ్‌టీ అయితే 3 ఏళ్లకు ఒకసారి నీటి పీడన పరీక్ష చేయించాలి. రెండో రకాన్ని 24 ఏళ్లకు పక్కన పెట్టేయాలి. నీది ఏ రకమో, చివరి పరీక్ష ఎప్పుడు జరిగిందో చూసి రాయి. తేదీ దాటి ఉంటే ఆ పరీక్ష అయ్యేదాకా నింపించవద్దు.

మీ మామయ్య