సాహిత్యోత్సవానికి వెళ్ళేటప్పుడు సంచిలో మీ పేజీ ఒకటి పెట్టుకోండి

కావలిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నానని, కథలు రాస్తున్నానని చెప్పి రెండు సంగతులు అడిగారు. జనవరిలో హైదరాబాదులో జరిగే సాహిత్యోత్సవానికి వెళ్తే మీలాంటి వారికి నిజంగా ప్రయోజనం ఉంటుందా? రచయితల ప్రసంగాలు వినడం మేలా, రుసుము కట్టి కథా కార్యశాలలో కూర్చోవడం మేలా? ఇంట్లో ఒప్పుకోవడం లేదని చివర్లో ఒక్క వాక్యంలో రాశారు. అసలు కష్టం అక్కడే ఉన్నట్టు నాకు అనిపించింది. దాని గురించి కూడా చెబుతాను.

నేను నెల్లూరులో పాఠశాల పిల్లలకు తెలుగు చెబుతాను. ఆ ఉత్సవానికి మూడుసార్లు వెళ్ళాను. మా ఊళ్ళోనే రెండు రోజుల కథా కార్యశాలలో ఒకసారి కూర్చున్నాను. ప్రసంగాలు నాకు ఎందరో రచయితలను దగ్గర చేశాయి, ఎన్నో పుస్తకాలు చదివించాయి. నా రాతను మార్చింది మాత్రం కార్యశాల. అదైనా, నేను రాసిన పేజీ ఒకటి వెంట తీసుకువెళ్ళాను కాబట్టే.

ముందు ఉత్సవం సంగతి. హైదరాబాదు సాహిత్యోత్సవం 2010లో మొదలైంది. ఏటా జనవరిలో మూడు రోజులు జరుగుతుంది. ప్రవేశం ఉచితం. సాధారణంగా ప్రతి ఏడూ ఒక దేశాన్ని అతిథిగా పిలుస్తారు, ఒక భారతీయ భాషకు ప్రత్యేక స్థానం ఇస్తారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు సైఫాబాదులోని విద్యారణ్య పాఠశాల ఆవరణలో పెట్టారు. చెట్ల నీడన రచయితలూ పాఠకులూ కలిసి టీ తాగుతూ మాట్లాడుకోవడం చూసి కాసేపు అలాగే నిలబడిపోయాను. టౌన్‌హాలు సభల్లో వేదిక మీద కూర్చున్నవారిని కింద నుంచి చూసి నమస్కారం పెట్టడమే నాకు అప్పటిదాకా తెలుసు.

ఆ మొదటిసారి ఒక పొరపాటు చేశాను, మీరు చేయకండి. ఒకే సమయంలో మూడు నాలుగు చోట్ల సభలు జరుగుతుంటాయి. ఏదీ వదులుకోలేక ఇక్కడ పది నిమిషాలు, అక్కడ పది నిమిషాలు విన్నాను. సాయంత్రానికి పేర్లు గుర్తున్నాయి గానీ మాటలు ఒక్కటీ మిగల్లేదు. రెండో ఏడు కార్యక్రమ పత్రం ముందే చూసుకుని రోజుకు రెండే సభలు ఎంచుకున్నాను. ఆ రచయితల పుస్తకం ఒక్కటైనా చదివి వెళ్ళాను. అప్పుడు ప్రసంగం వేరుగా వినిపించింది. పుస్తకంలో నాకు అర్థం కాని ఒక మలుపు గురించి అడిగితే, ఆ రచయిత్రి ఆ అధ్యాయాన్ని ఎన్నిసార్లు చించి రాశారో చెప్పారు. ‘మీకు స్ఫూర్తి ఎవరు’ అని అడిగితే ఆ జవాబు వచ్చేది కాదు.

ఇంకొకటి. అక్కడ ఎక్కువ సభలు ఇంగ్లీషులో జరుగుతాయి. తెలుగు మీడియంలో చదివినవారికి కొంచెం బెరుకుగా ఉంటుంది, నాకూ ఉండేది. తెలుగు సభలు, కవితా పఠనాలు ఏ రోజు ఉన్నాయో చూసుకుని వాటిని వదలకండి. ప్రశ్న అడగాలనిపిస్తే తెలుగులోనే అడగండి. నేను అలాగే అడిగాను, వేదిక మీద ఉన్నవారే అనువదించుకుని జవాబిచ్చారు.

ఇక కార్యశాల. ఈ పేరుతో జరిగేవన్నీ ఒకటి కావు. నెల్లూరు కార్యశాలకు ముందు ఒక ఊళ్ళో రుసుము కట్టి వెళ్తే హాల్లో వంద మంది ఉన్నారు. రెండు గంటలు ఉపన్యాసం విన్నాం, ధ్రువపత్రం ఇచ్చారు, గ్రూపు ఫోటో తీశారు, అయిపోయింది. ఎవరి చేతా ఒక్క వాక్యం రాయించలేదు. డబ్బు కంటే, ఎంతో ఆశతో వచ్చిన పిల్లలు ఏమీ లేకుండా తిరిగి వెళ్ళడం నాకు ఎక్కువ బాధ కలిగించింది. కాబట్టి డబ్బు కట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఎంతమందిని తీసుకుంటారు? మేం రాసినది చదువుతారా? రెండోదానికి సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బుతో పుస్తకాలు కొనుక్కోండి.

నెల్లూరులో నేను కూర్చున్న కార్యశాల ఒక పాఠశాల తరగతి గదిలో జరిగింది. మొత్తం పద్దెనిమిది మందిమి. నడిపినవారు పెద్ద కథకులు. తలా ఒక పేజీ తెమ్మని ముందే చెప్పారు. నేను ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసే ఒక స్త్రీ గురించి రాసిన కథలో మొదటి పేజీ తీసుకువెళ్ళాను. అక్కడి చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు మన జిల్లాకు ఎంతో పేరు తెచ్చిన పని కదా. మా చిన్నప్పుడు ఆ దారిన వెళ్ళినప్పుడల్లా అమ్మ రెండు గరిటెలు కొనేది.

ఎవరి పేజీ వారు చదవకూడదని కార్యశాల నడిపినాయన నియమం పెట్టారు. నా పేజీని పక్క బల్ల మీది విశ్రాంత పోస్టుమాస్టరు గారి చేతికిచ్చారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టారు. మూడో వాక్యం దగ్గర ఊపిరి అందక ఆగారు. వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అక్కడే ఆగారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ వాక్యాన్ని విరగ్గొట్టాలని నాకు అక్కడికక్కడే తెలిసిపోయింది. అప్పటిదాకా ఆ పేజీని ఇరవైసార్లు చదువుకుని ఉంటాను. నా కంటికి ఆ చిక్కు ఒక్కసారీ కనిపించలేదు.

చదవడం పూర్తయ్యాక పోస్టుమాస్టరు గారు చాలా మర్యాదగా ఒక మాట అడిగారు. “అమ్మా, ఈవిడ చెంచా చేస్తోందని రాశారు. కళ్ళు చెప్పారు, నిట్టూర్పు చెప్పారు, కన్నీళ్ళు చెప్పారు. చేతులు ఏం చేస్తున్నాయి?”

నా దగ్గర జవాబు లేదు. నేను ఆ పని దగ్గర కూర్చుని చూసిందే లేదు.

తర్వాతి ఆదివారం ఉదయగిరి బస్సెక్కాను. ఒక ఇంటి అరుగు మీద ఒకావిడ పక్కన మూడు గంటలు కూర్చున్నాను. ముందు ముక్కను బాడిసెతో చెక్కి చెంచా ఆకారానికి తెస్తారు. తర్వాత ఆకురాయితో అరగదీస్తారు, చివర గరుకు కాగితంతో నున్నగా రుద్దుతారు. ఆవిడ ఒళ్ళో పొట్టు రాలుతోంది. చీర కుచ్చిళ్ళ మడతల్లోకి పోయిన పొట్టును లేచినప్పుడు దులుపుకుని మళ్ళీ కూర్చుంటోంది. ఆకురాయి పట్టిన చెయ్యి నొప్పి పుట్టదా అని అడిగాను. “ఆ చెయ్యి కాదమ్మా, చెక్క కదలకుండా పట్టుకున్న ఈ చెయ్యే లాగుతుంది” అని ఎడమ చెయ్యి చూపించింది. కథలో నేను నిట్టూర్పులు పెట్టిన చోటంతా తీసేసి ఆ ఎడమ చెయ్యి పెట్టాను. కథ సగానికి తగ్గింది. ఆ తర్వాతే ఒక పత్రిక దాన్ని వేసుకుంది.

కార్యశాల రెండో రోజు మధ్యాహ్నం దాన్ని నడిపినాయన తిక్కన గారి కథ ఒకటి చెప్పారు. మన వైపు చాలామందికి తెలిసిన ఐతిహ్యమే. తిక్కన సోమయాజి భారతం పద్యాలు చెబుతుంటే కుమ్మరి గురునాథుడు రాసేవాడట. సంజయుడు ధృతరాష్ట్రుడికి యుద్ధం సంగతి వినిపిస్తున్న చోట పద్యం ముందుకు సాగక, ‘ఏమి చెప్పుదుఁ గురునాథా’ అని తిక్కన నిస్సహాయంగా అన్నాడట. గురునాథుడు దాన్ని కూడా రాసేశాడు. చూస్తే పద్యం పూర్తయింది! సంధిలో ‘కురునాథా’ కూడా ‘గురునాథా’ అనే పలుకుతుంది కాబట్టి అది సంజయుడు ధృతరాష్ట్రుణ్ణి పిలిచిన పిలుపుగా సరిపోయింది. ఇది జరిగిందో లేదో గానీ, పదిహేను పర్వాలు తెలుగు చేసిన మహాకవికి కూడా ఎదురుగా వినే చెవి ఒకటి ఉండేదని ఈ ఊరు ఇన్నాళ్ళూ చెప్పుకుంటూ వస్తోంది. పెన్న ఒడ్డున కూర్చుని రాసే మనకు అది చిన్న ధైర్యం కాదు. కార్యశాలలో మీకు దొరకవలసింది ఆ చెవి. సూత్రాలు పుస్తకాల్లోనూ దొరుకుతాయి.

మా పద్దెనిమిది మందిలో అయిదుగురం ఇప్పటికీ నెలకోసారి కలుస్తాం. ఒకరి పేజీ మరొకరు చదవాలన్న నియమం మార్చలేదు. పోస్టుమాస్టరు గారు ఇప్పుడు తన ఉద్యోగపు రోజుల మనియార్డర్ల మీద కథలు రాస్తున్నారు, చాలా బాగుంటాయి.

ఇంట్లో ఒప్పించడం గురించి. మా ఇంట్లో కూడా మొదట వద్దన్నారు. ‘కథల కోసం అంత దూరమా’ అన్నది మా అమ్మ. నేను వాదించలేదు, అమ్మను వెంట తీసుకువెళ్ళాను. ప్రవేశం ఉచితం కాబట్టి ఖర్చు రైలు ఛార్జీ, భోజనాలే. బస మా పిన్ని ఇంట్లో. ఒక కవయిత్రి తన తల్లి మీద రాసిన కవిత చదువుతుంటే అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మరుసటి ఏడు డిసెంబరులోనే ‘టిక్కెట్లు తీశావా’ అని తనే అడిగింది.

హైదరాబాదు ఈసారికి వీలుకాకపోతే జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటుంది. కావలి నుంచి ఉదయం రైలెక్కి రాత్రికి ఇంటికి చేరవచ్చు. సాయంత్రం వేదిక మీద పుస్తకావిష్కరణలు, ప్రసంగాలు ఉంటాయి. పుస్తకాలు చూస్తూ స్టాళ్ళ దగ్గరే రచయితలతో మాట్లాడే వీలు కూడా ఎక్కువ. ఇంట్లో వారికి మొదట ఇది చూపించడం తేలిక కావచ్చు.

మేం అయిదుగురిలో ముగ్గురం ఈ జనవరిలో సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరుతున్నాం. సాయంత్రం నెల్లూరులో ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాదు. అది కావలిలోనూ ఆగుతుంది. అమ్మగారిని కూడా తీసుకుని రండి. మీ పేజీ ఒకటి తెచ్చుకోండి, రైల్లో మాలో ఒకరు చదువుతారు.